గోడ మీద పెన్సిల్ గీతలు

జుట్టు ముడి వేసుకుందామని రెండు చేతులూ పైకెత్తాను. ఎడమ చెయ్యి వెళ్ళింది. కుడి చెయ్యి భుజం ఎత్తు దాటనంది. మొండిగా ఎత్తబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆఫీసుకి టైమవుతోంది. మా అమ్మాయిని పిలిచి ముడి వేయించుకుని బయటపడ్డాను. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి పరిగెత్తానని అనుకుంటున్నారేమో. లేదు. ఇంకో పన్నెండు రోజులకి వెళ్ళాను.

"ఎన్నాళ్ళుగా నొప్పి?" అని అడిగారాయన.

"ఎనిమిది నెలలు."

రాస్తున్న పెన్ను ఆపారు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?"

"బిజీగా ఉన్నానండీ."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో కాస్త గొప్ప ఉంది. ఇంటికొచ్చాక అది గుర్తొచ్చి సిగ్గేసింది. సొంత చెయ్యి పైకి లేవని మనిషి ఆ సంగతిని ఒక ఘనకార్యంలా చెప్పుకుంది.

ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. భుజం కీలు చుట్టూ ఉండే పొర మందంగా అయిపోయి బిగుసుకుపోతుందట. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుందనీ, ఆడవాళ్ళలో ఎక్కువనీ, షుగర్ ఉన్నవాళ్ళకీ థైరాయిడ్ తేడా ఉన్నవాళ్ళకీ వచ్చే అవకాశం పెరుగుతుందనీ చెప్పి రెండింటికీ రక్తపరీక్షలు రాశారు. రెండూ మామూలుగానే వచ్చాయి. "నా పని ఒత్తిడి వల్లేనా?" అని అడిగాను. అలా చెప్పలేమన్నారు. చాలామందిలో కారణం తేలదట. "కానీ ఎనిమిది నెలలు రాకపోవడానికి కారణం మాత్రం మీకే తెలియాలి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ తగలాల్సిన చోటే తగిలింది. పూర్తిగా వదలడానికి ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్ళు కూడా పట్టొచ్చని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు.

అక్కడ మూడు వ్యాయామాలు ఇచ్చారు. మొదటిది, బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకి వంగి, నొప్పి ఉన్న చేతిని గోడ గడియారం లోలకంలా వదిలేసి చిన్న చిన్న సున్నాలు చుట్టడం. రెండోది, వెల్లకిలా పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చెయ్యి సాయంతో రెండోదాన్ని తల వైపు తీసుకెళ్ళడం. మూడోది, గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో మెట్లెక్కినట్టు పైకి పాకించడం. నొప్పి మొదలైన చోట కాసేపు ఆగి దిగడం. ఒక్కో విడత పది నిమిషాలు, రోజుకి మూడు విడతలు. "వేలు ఎక్కడిదాకా వెళ్ళిందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వేసుకోండి మేడమ్, లేకపోతే తగ్గుతున్నట్టు మీకే తెలీదు" అని చెప్పారు ఫిజియోథెరపీ ఆవిడ. పడగ్గది తలుపు పక్కన మొదటి గీత పెట్టాను. సరిగ్గా నా గడ్డం ఎత్తున.

వారం తరవాత మళ్ళీ వెళ్ళాను. ఇరవై ఒక్క సార్లు చెయ్యాల్సింది నాలుగు సార్లే చేశాను.

"నొప్పి ఎక్కువగా ఉంటోందా?"

"అది కాదండీ, టైమ్ దొరకలేదు."

ఆవిడ కోప్పడలేదు. "నిన్నటి రోజు చెప్పండి. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో వరసగా" అన్నారు. మొదలుపెట్టాను. పొద్దున్న పది దాకా గడగడా చెప్పాను. ఆ తరవాత ‘ఆఫీసు పని’. ఏం పని? గుర్తు రాలేదు. సాయంత్రం ‘ఇంటి పని’. ఏం పని? అదీ తెలీదు. నిన్న పదహారు గంటలు మెలకువగా ఉన్న మనిషిని ఆరు గంటల లెక్క కూడా చెప్పలేకపోయాను. "ఒక్క వారం రాసి తీసుకురండి" అన్నారు. అప్పటికి నాకది వ్యాయామంతో సంబంధం లేని గోలగానే అనిపించింది.

అయినా రాశాను. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం కొని, అరగంటకో గీత చొప్పున అప్పుడు చేస్తున్న పనేమిటో రాశాను. మార్చుకోవాలని ప్రయత్నించకుండా ఉన్నది ఉన్నట్టు రాయడమే నియమం. చెప్పినంత సులువు కాదది. ‘ఫోన్’ అని వరసగా మూడు గీతలు రాయాల్సి వస్తుందని తెలిసి రెండోసారికే ఫోన్ కింద పెట్టేశాను ఒకసారి. మూడో రోజు సాయంత్రం రాసిన వరసలు ఇప్పటికీ ఉన్నాయి నా దగ్గర: "4.00 కూర్చోబోయాను. లేచాను. 4.30 ఎందుకు లేచానో గుర్తు లేదు. బట్టలు. 5.00 బట్టలు మడతపెట్టడం అయింది, ఆయన మడతపెట్టినవి విప్పి మళ్ళీ పెట్టాను."

ఆదివారం కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. వారానికి 168 గంటలు. నిద్ర 41. ఉద్యోగం, దారి కలిపి 56. వంటా ఇల్లూ 27. స్నానం, తిండి, తయారవడం 14. ఇంకా 30 గంటలు మిగిలాయి. నా దగ్గర లేవని నేను అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్న గంటలవి.

వాటిలో పది ఫోన్‌కి పోయాయి. అదీ ఒక్కచోట కూర్చుని హాయిగా చూసింది కాదు, మూడు నిమిషాలు ఇక్కడ, నాలుగు నిమిషాలు అక్కడ. మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. నా పుస్తకం చూసి, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్ళినప్పుడు మనసులో కొంత భాగం మొదటిదానికే అంటుకుని ఉండిపోతుందని సోఫీ లెరోయ్ అనే ఆవిడ 2009లో రాసిందని చెప్పింది. నాకు పరిశోధన అక్కర్లేకపోయింది. గ్రూపులో ఎవరో పెట్టిన మాటకి జవాబిచ్చి వచ్చి, చేతిలో ఉన్న కాగితం ఎందుకు తీశానో తెలియక నిలబడిపోయిన క్షణాలు ఆ వారంలోనే బోలెడు.

ఇంకో తొమ్మిది గంటలు వేరేవాళ్ళు చేసుకోవాల్సిన పనులకి. మేముండే అపార్ట్‌మెంట్ లెక్కలు ఆరేళ్ళుగా నేనే చూస్తున్నాను. ఆఫీసులో పక్క టీము కుర్రాడి ప్రెజెంటేషన్లు దిద్దుతున్నాను. మా అక్క కొడుకు దరఖాస్తులు నింపుతున్నాను.

మిగిలిన పదకొండు గంటల దగ్గరే ఆగిపోయాను. అవి ఎవరూ అడగని పనులు. మడతపెట్టిన బట్టలు మళ్ళీ మడతపెట్టడం. పంపేసిన రిపోర్టుని తెరిచి ఇంకోసారి చదవడం. నాకు సంబంధం లేని మెయిల్‌కి ‘చూశాను’ అని రాయడం. డిగ్రీ చదువుతున్న పిల్ల సంచీలో గొడుగు ఉందో లేదో చూడడం. చెయ్యకపోతే ఎవరికీ తెలియని పనులు పదకొండు గంటలు చేసి, ముప్ఫై నిమిషాలు లేవని ఫిజియోథెరపీ ఆవిడ ముందు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను నేను.

ఇంకొకటి కూడా బయటపడింది. రోజూ పొద్దున్న పద్నాలుగు పనుల జాబితా రాసుకునేదాన్ని. రాత్రికి ఆరో ఏడో అయ్యేవి. మిగతావి చూసి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. పుస్తకం చూస్తే తెలిసింది, నేను పావుగంట అనుకున్న పనికి నలభై నిమిషాలు పడుతోంది. ఒకటీ రెండూ కాదు, దాదాపు అన్నీ. దీనికి పేరు కూడా ఉందట, డేనియల్ కానిమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే పెట్టారట, ప్లానింగ్ ఫాలసీ అని. 1994లో రోజర్ బ్యూలర్ బృందం థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్ళలో పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. సరే, అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్ళు అంటే 49 అన్నారు. తీరా పట్టింది 55 పైచిలుకు. అంటే, చెడ్డ అంచనా వేస్తున్నామని తెలిసి వేసినా అది చాలినంత చెడ్డది కాదన్నమాట. నా పద్నాలుగు పనుల జాబితాకి అసలు ఏ రోజూ సరిపోదు. అది ఓటమి పత్రం. రోజూ పొద్దున్నే కూర్చుని నా చేత్తో నేనే రాసుకుంటున్నాను.

ఇంత తెలిశాక మనిషి బాగుపడాలి కదా. నేనేం చేశానో చెప్తాను.

నన్ను నేను చూసుకోవాలని నిశ్చయించుకుని బ్రహ్మాండమైన టైమ్‌టేబుల్ వేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం. నడక నలభై నిమిషాలు. ధ్యానం ఇరవై. భుజం వ్యాయామం పది. డైరీ పది. పుస్తకం ఇరవై పేజీలు. అన్నింటికీ టిక్కులు పెట్టుకోవడానికి ఫోన్‌లో ఒక యాప్. రంగురంగుల గళ్ళు. మొదటి నాలుగు రోజులు ఒక్క గడీ ఖాళీ వదల్లేదు. ఐదో రోజు డైరీలో రాయడానికి ఏమీ లేక, టిక్కు పోతుందని, "ఈరోజు డైరీ రాశాను" అని రాశాను. తొమ్మిదో రోజు, ధ్యానంలో ఉండగా మా అమ్మాయి గిన్నె కింద పడేసిందని దాని మీద విరుచుకుపడ్డాను. నా అరుపుకి మా ఆయన లేచొచ్చాడు. కాసేపు చూసి, "నీకున్న ఉద్యోగం చాల్లేదని ఇంకోటి తెచ్చుకున్నావా?" అన్నాడు.

కోపమొచ్చింది. మధ్యాహ్నానికి నవ్వొచ్చింది. నిజమే, ఆ తొమ్మిది రోజులూ ఐదు గంటలు కూడా నిద్రపోలేదు. పెద్దవాళ్ళు రోజూ కనీసం ఏడు గంటలు పడుకోవాలని అమెరికాలో నిద్ర మీద పనిచేసే వైద్య సంఘాలు రెండు కలిసి 2015లో చెప్పిన మాట నాకు తెలియంది కాదు. ఆరోగ్యం కోసమని ఆ నిద్రనే కోసి గళ్ళు నింపాను. యాప్ తీసేశాను. గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే గడ్డం ఎత్తు గీత మీద ఇంకో గీత, వేలెడంత పైన. తొమ్మిది రోజుల మహాయజ్ఞానికి అదే మిగిలింది.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు భుజం ఒక్కటే పెట్టుకున్నాను. ఇంకేమీ లేదు. స్నానం అయిన వెంటనే ఒకసారి, ఒంట్లో ఆ వేడి ఉండగానే. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు ఆఫీసులో ఖాళీగా ఉండే గదిలో ఒకసారి. పడుకోబోయే ముందు ఒకసారి. గడియారం చూసి కాకుండా, ఎలాగూ చేసే పనికి ముడివేశాను. కొత్త పని అలవాటు కావడానికి 21 రోజులని అందరూ అంటారు గానీ, లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం మనుషుల్ని గమనిస్తే సగటున 66 రోజులు పట్టిందట. ఒకరికి 18 రోజుల్లో, ఇంకొకరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా చెడేదేమీ లేదని కూడా తేలిందట. నన్ను నిలబెట్టింది ఆ చివరి మాటే. అంతకుముందు ఒక్క టిక్కు పోతే మొత్తం పోయినట్టే నా లెక్క.

పదకొండు గంటల పనులు వదలడం అనుకున్నంత కష్టం కాలేదు. ఒళ్ళు మండింది, అంతే. ఆయన చొక్కాలు మడతపెడితే చేతులు బయటికి వేలాడుతుంటాయి. చూసీ చూడనట్టు అలమర మూసెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అసలు కష్టం ఆ తొమ్మిది గంటలతో. వాటికి అడ్డం పడింది పని కాదు, మొహమాటం.

మొహమాటం అంటే మంచితనం అనుకుంటూ పెరిగాం. అడిగినవాళ్ళని కాదనకూడదు. ‘చూద్దాంలే’ అనాలి, ఆ తరవాత చచ్చినట్టు చెయ్యాలి. పక్క టీము కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడమ్, మీరైతే ఐదు నిమిషాల్లో చేసేస్తారు." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. మళ్ళీ అది నాకు పొగడ్తలాగే వినిపిస్తుంది. ముందే కాగితం మీద ‘కుదరదు’ అని రాసి ఎదురుగా పెట్టుకున్నాను, నిజంగానే. అయినా నోట్లోంచి వచ్చిందేమిటి? "ఈరోజు మీటింగ్ ఉందమ్మా." పర్లేదు మేడమ్, రేపు చూడండి అన్నాడు. "రేపు త్వరగా వెళ్ళాలి." ఇంటి దగ్గర్నుంచి చూడండి మేడమ్. "ఫైల్ పెద్దదేమో, తెరుచుకోదు." చిన్నది చేసి పంపిస్తాను మేడమ్. మూడు కారణాలు చెప్పాను, మూడింటికీ వాడు ఓపిగ్గా దారి చూపించాడు. చివరికి చేసిపెట్టాను.

ఆ రాత్రి గోడ మీద వేళ్ళు పాకిస్తూ ఆలోచిస్తే అర్థమైంది. కారణం చెప్పామంటే బేరం మొదలైనట్టే. ఒక ధర చెప్పాం, అవతలివాడు తగ్గించమంటాడు. తప్పు వాడిది కాదు.

మరుసటిసారి, "ఈ నెల కుదరదమ్మా" అని ఆపేశాను. అవతల నిశ్శబ్దం. మహా అయితే నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో నా నోరు మూడుసార్లు తెరుచుకోబోయింది. చెయ్యడ్డం పెట్టుకుని కూర్చున్నాను. "సరే మేడమ్" అన్నాడు. అంతే. తరవాత తెలిసింది, ఆ ప్రెజెంటేషన్ వాడే చేశాడట, బాగానే చేశాడట. కొంచెం బాధ కూడా వేసింది, ఎందుకో.

అపార్ట్‌మెంట్ లెక్కలు అప్పజెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఎవరూ ముందుకి రాలేదు. సమావేశంలో అందరూ తలలు దించుకుని ఫోన్లు చూసుకున్నారు. ‘పోనీ నేనే’ అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. చివరికి మూడో అంతస్తు ఆయన తీసుకున్నారు. ఆయన లెక్కలు నా అంత శుభ్రంగా ఉండవు. ఒక నెల కరెంటు బిల్లు ఆలస్యంగా కట్టారు. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండడానికి ఇంట్లో గదులన్నీ ఒక చుట్టు తిరిగాను.

మా అక్క సంగతి మాత్రం ఇంత తేలిగ్గా తెమల్లేదు. "వాడి ఫారాలు వాడే నింపుకుంటే మంచిది అక్కా, తప్పులుంటే చివర్లో చూస్తాను" అన్నాను. ఎంత నెమ్మదిగా అన్నానో నాకు తెలుసు. "పెద్దదానివయ్యావే" అంది. ఫోన్ పెట్టేసింది. రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది గానీ, ఏదైనా చెప్పబోతూ "నువ్వు బిజీలే" అంటుంది మధ్యలో. ఇన్నేళ్ళూ నేనే అందరి ముందూ ఊపుకుంటూ తిరిగిన మాట అది. ఇప్పుడు నాకే తిప్పి ఇస్తోంది. ‘సెల్ఫ్ కేర్’ గురించి, అంటే మనల్ని మనం చూసుకోవడం గురించి రాసేవాళ్ళు నురగ స్నానం గురించి, కొవ్వొత్తుల గురించి రాస్తారు గానీ ఈ ముక్క రాయరు. నాకు దొరికిన అరగంట ఆకాశం లోంచి ఊడిపడలేదు, ఎవరో ఒకరి చేతిలోంచి వెనక్కి తీసుకున్నాను. ఇచ్చినవాళ్ళకి అది గుర్తుంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా ముప్ఫై గంటలు నాకు ఉన్నాయి కాబట్టి దొరికాయి. మంచంలో ఉన్న మనిషిని చూసుకునేవాళ్ళకీ, రెండు ఉద్యోగాలు చేస్తే గానీ ఇల్లు గడవనివాళ్ళకీ ఆ పుస్తకంలో ఏ ఖాళీ బయటపడకపోవచ్చు. వాళ్ళకి కావలసింది సలహా కాదు, పక్కన నిలబడే ఇంకో మనిషి. వాళ్ళని టైమ్ సర్దుకోమనే మాటలు వింటే నాకు మంట.

భుజానికి పోగా సాయంత్రాల్లో కాస్త సమయం మిగలడం మొదలైంది. అప్పుడు కొత్త చిక్కు. దాంతో ఏం చెయ్యాలో తెలీదు.

బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఫోన్ లోపల గదిలో వదిలేసి, పావుగంట ఊరికే కూర్చుందామనుకున్నాను. మొదటి రోజు నాలుగు నిమిషాలకి లేచి మొక్కల ఎండుటాకులు ఏరుతున్నాను. మా అమ్మాయి పడీపడీ నవ్వి ఒక ప్రయోగం చెప్పింది. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ బృందం చేసిందట. మనుషుల్ని ఒక్కొక్కరినీ ఖాళీ గదిలో పావుగంట కూర్చోబెట్టారు. చేతిలో ఏమీ ఉండదు, ఒక మీట తప్ప. నొక్కితే కరెంట్ షాక్ కొడుతుంది. అది ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు, డబ్బిచ్చైనా తప్పించుకుంటామని చెప్పినవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు, ఊరికే కూర్చోలేక తమంతట తామే మీట నొక్కారట. "నువ్వైతే చెయ్యి బాగోకపోయినా నొక్కేదానివి" అంది.

నా మీట లోపల గదిలో ఛార్జింగ్‌లో ఉంది.

కూర్చుంటే ప్రశాంతత వస్తుందని ఎవరన్నారో గానీ నాకు పనులొచ్చాయి. గుంపుగా వచ్చాయి. గ్యాస్ బుక్ చెయ్యాలి, వాళ్ళకి జవాబివ్వాలి, సంతకం మర్చిపోయాను. రాత్రి పడుకున్నప్పుడూ ఇదే తంతు. ఇక్కడ పనికొచ్చింది మాత్రం చాలా చిన్నది: పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు కాగితం మీద పెట్టెయ్యడం. మైకేల్ స్కలిన్ అనే ఆయన 57 మంది యువతీయువకుల్ని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి చూస్తే, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే చెయ్యాల్సిన పనులు రాసినవాళ్ళు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారట. 2018లో అచ్చయింది. నాకెన్ని నిమిషాలు కలిసొచ్చాయో కొలవలేదు. కానీ అర్ధరాత్రి లేచి ఫోన్ వెతుక్కోవడం ఆగింది. అదే కాగితం బాల్కనీ కుర్చీ దగ్గరా పెట్టుకున్నాను. పని గుర్తొస్తే ఒక ముక్క రాసి మళ్ళీ కూర్చోవడం.

గొప్ప సత్యాలేవీ తట్టలేదు. నాలుగో రోజు కుర్చీలోనే నిద్రపోయాను. పదో రోజో పదకొండో రోజో, పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఆరేళ్ళుగా ఆ చప్పుడుకి పరిగెత్తి మోటారు ఆపేది నేనే. లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను. నీళ్ళు పోతున్నాయి. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. ఒక నిమిషం. రెండు. ఎక్కడో తలుపు తీసిన చప్పుడు, చెప్పుల చప్పుడు. మోటారు ఆగింది. ఎవరు ఆపారో ఇప్పటికీ తెలీదు.

అంతా సాఫీగా జరిగిందని రాస్తే అబద్ధం. ఆర్థిక సంవత్సరం చివర్లో మూడు వారాలు పాత మనిషినైపోయాను. కుర్చీ లేదు, కాగితం లేదు, వ్యాయామం రోజుకి ఒకసారి, అదీ దొంగలెక్క. గోడ మీద ఆ మూడు వారాలకీ కొత్త గీత లేదు. పాత గీతే మళ్ళీ మళ్ళీ దిద్దినట్టు నల్లగా ఉంటుంది. ఫిజియోథెరపీ ఆవిడకి చూపిస్తే, "కిందికైతే దిగలేదు కదా" అంది. అంతకుమించి ఓదార్పు నాకెవరూ ఇవ్వలేదు ఆ నెలలో.

ఐదో నెలకి గీత నుదురు దాటింది. ఎనిమిదో నెలకి తలకి జానెడు పైన. పదకొండో నెలలో ఒక పొద్దున్న ఏమీ ఆలోచించకుండా జుట్టు ముడి వేసేసుకున్నాను. వేసుకున్నాక గానీ చెయ్యి లేచిన సంగతి గమనించలేదు. వీపు వెనక్కి చెయ్యి పెట్టడం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. చివరికి వచ్చేది అదేనట.

ఈమధ్య మళ్ళీ ఆ చిన్న పుస్తకంలో ఒక వారం రాసి చూశాను. ఉద్యోగం అంతే ఉంది, వంటా ఇల్లూ అంతే. నిద్ర 48 గంటలయింది. భుజానికి మూడున్నర. కుర్చీకి రెండున్నర. ఫోన్ ఆరు, అందులో రెండు మా అక్కతో. అడిగితే ఇప్పుడు కూడా నా నోట్లోంచి ముందు వచ్చే మాట ‘బిజీ’నే. సగంలో ఆపుకుంటాను ఒక్కోసారి.

పోయిన వారం రాత్రి గోడ దగ్గర కుడి చెయ్యి అయ్యాక, సరదాకి ఎడమ చెయ్యి పాకించాను. కుడి చేతి గీత దాకా వెళ్ళలేదు. రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది, లోపల ఎక్కడో సన్నగా పట్టేసి. కొందరికి రెండో భుజానికీ రావచ్చని డాక్టర్ మొదటి రోజే చెప్పారు. అక్కడే పెన్సిల్ తీసుకుని గీత పెట్టి, పక్కన ‘ఎ’ అని రాసి, తేదీ వేశాను. పొద్దున్నే ఫోన్ చేస్తే గురువారం పదిన్నరకి రమ్మన్నారు. ఆ టైముకి ఆఫీసులో మీటింగ్ ఉంది. మీటింగ్‌కి కుదరదని ఆఫీసులో చెప్పాను. ఎందుకని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.